కాగితం మూల పట్టిన చెయ్యి

నిన్న పొద్దున వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతుంటే ఎదురుగోడ మీద టప్ టప్‌మని చప్పుడైంది. ఎవరో పోస్టరు అంటిస్తున్నాడు. మైదా గంజిలో నానిన కాగితాన్ని గోడకు అదిమి, కుచ్చుబ్రష్షుతో పైనుంచి కిందికి కొడుతున్నాడు. ఆ చప్పుడూ ఆ తడికాగితం వాసనా ఒక్కసారే వచ్చేసరికి నా చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉండిపోయింది. "ఏమైంది అత్తమ్మా, గట్ల బిగుసుకపోయినవ్?" అని లోపలి నుంచి కోడలు అడిగింది. "ఏం గాలే, ఖాజా సారు యాదికొచ్చిండు" అన్నాను. ఆమె ఈ ఇంటికి వచ్చి ఇరవై ఏండ్లు. ఆ పేరు విని విని అలవాటు పడింది కాబట్టి ఇంకేమీ అడగలేదు. కానీ మీరు ఆయనను చూడలేదు. చూసినవాళ్లలో నాతోపాటు ఇద్దరో ముగ్గురో ముసలివాళ్లు మిగిలి ఉంటారు, వాళ్లకూ చెవులు సరిగా వినబడవు. అందుకే రాయడానికి కూర్చున్నాను.

నాకొక పిచ్చి అలవాటు ఉంది. ఏ కాగితం చేతికొచ్చినా ముందు వెనక్కి తిప్పి చూస్తాను. పెండ్లిపత్రిక కానీ, కరెంటు బిల్లు కానీ, మిరపకాయ బజ్జీ కట్టిచ్చిన కాగితం కానీ, ఏదైనా సరే. ముప్పై ఏండ్లు తెలుగు పంతులమ్మగా పనిచేసినప్పుడు పిల్లల పరీక్ష కాగితాలను కూడా ముందు వెనక నుంచే చూసేదాన్ని. మా మనవరాలు నవ్వుతుంది, "నాయనమ్మకు ముందటికన్న ఎనుకనే ఎక్కువ పని" అని. నవ్వితే నవ్వనీ. ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే అది నవ్వదు.

మా ఊరు జనగామకు పడమట ఆరు మైళ్లు. ఉర్దూ బడి ఒకటి ఉండేది. అందులో పటేలు కొడుకులూ, పట్వారీ కొడుకులూ, ఇంకో పది పన్నెండు మందీ చదివేవాళ్లు. ఖాజా సారు ఆ బడికి పంతులు. అప్పటికే యాభై దాటిన మనిషి. భార్య పోయింది, పిల్లలు లేరు, మా ఇంటి పక్కనే ఒక పెంకుటింటి గదిలో ఒక్కరే ఉండేవారు. మా అవ్వ, అంటే మా అమ్మ, ఆ గది ఊడ్చి, ఇంత చల్ల పోసి వచ్చేది. నేను పెండ్లయిన ఆరు నెలలకే మగడు పోయి, పదహారో ఏట తల్లిగారింటికి తిరిగొచ్చినదాన్ని; రెండో పెండ్లి ఎన్నో ఏండ్ల తర్వాతి మాట. ఏ శుభకార్యానికీ ఎవరూ పిలవరు, ఏ పనికైనా అందరూ పిలుస్తారు. అవ్వకు ఒంట్లో బాగాలేని రోజు సారు గది ఊడ్చడానికి నేను పోయేదాన్ని.

ఆయన గదిలో దండెం మీద బట్టలకు బదులు కాగితాలు వేలాడేవి. నిలువెత్తు కాగితాలు, నల్లగా, వాటి మీద తెల్లటి అక్షరాలు. నాకు అప్పటికి ఏ అక్షరమూ రాదు. కానీ ఆ తెల్లటి గీతలు చూస్తుంటే చెయ్యి ఊరుకునేది కాదు. పొయ్యిలో బూడిద ఎత్తిపోసే ముందు దాన్ని నేల మీద పరిచి, వేలితో వాటిని గీసేదాన్ని. ఒకరోజు సారు బడి నుంచి తొందరగా వచ్చి చూశారు.

"ఎవ్వలు నేర్పిండ్రు బిడ్డా?"

"ఎవ్వలు లేరు సార్. గవి జూసి గీకిన."

"గిది ఏందో ఎర్కేనా?"

"నాకేమెర్క?"

ఆయన నా పక్కనే గొంతుకూర్చున్నారు. "గిది అ. ఏడు నూర్ల ఏండ్ల కిందటి అ. అందరు పడుచు అక్షరం నేర్చి ముసలిదాని కాడికి పోతరు. నువ్వు ముసలిదాంతోని షురూ జేసినవ్" అని, దాని పక్కన ఇప్పటి అ రాసి చూపించారు. అట్లా మొదలైంది నా చదువు. ఊళ్లో ఊరుకుంటారా? మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె అన్నారు. ముండమోసిన పిల్లకు తురక పంతులు చదువు చెప్పడమేమిటని కూడా అన్నారు. మా అవ్వ ఒక్కటే మాట అనేది: "నా బిడ్డె మొగని పేరు ఎట్లాగు తుడుసుకపాయె. దాని పేరన్న అది రాసుకోనీ."

ఇప్పుడు ఆ నల్ల కాగితాల సంగతి చెప్పాలి. నిజాం కాలంలో బడికి శుక్రవారం సెలవు. ఆ రోజు సారు రాళ్ల వెంట తిరిగేవారు. ఎక్కడ రాతి మీద పాత రాత ఉందని విన్నా పోవలసిందే. ఎండాకాలం సెలవులొస్తే ఘనపూర్ దాకా, ఆ పైన అడవి అంచున కాటారం దాకా బండ్ల మీదా కాలినడకనా పోయి వచ్చేవారు. ముప్పై ఏండ్లుగా అదే పని. ఆయన మనసులో ఒక పుస్తకం ఉండేది. మన చుట్టుపక్కల రాళ్లలో ఒక్కొక్క అక్షరం వందేండ్లకు ఒకసారి ఎట్లా మారుతూ వచ్చిందో వరసగా చూపించాలి. ఎడమ నుంచి కుడికి చూస్తే పాత అక్షరం నడిచి నడిచి మన పలక మీదికి రావాలి. ఉర్దూ బడిలో చదివే తెలుగు పిల్లలు అది చూసి, తమ భాషకు ఇంత వయసుందా అనుకోవాలి. బతుకులో ఆయనకు ఇంకో ఆశ ఉన్నట్టు నేను చూడలేదు.

మా ఊరిలోనే ఒక రాయి ఉండేది, కుంటకు ఎగువన చెలక గట్టున, అంటే మెట్టచేని గట్టు మీద. కొడవండ్లు నూరుకోవడానికి తప్ప దాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఒక శుక్రవారం సారు నన్ను రమ్మన్నారు, కాగితం పట్టుకోవడానికి మనిషి కావాలని. నేను కదలలేదు. ఆ చెలక మాది. అంటే, ఒకప్పుడు మాది. దొర దగ్గరి పట్వారీ కౌలు కాగితం అని చెప్పి మా నాయిన ఎల్లయ్య చేత వేలిముద్ర వేయించుకున్నాడు. తీరా అది అమ్మకం కాగితం. అంతా ఉర్దూలో ఉంది. చదివి చెప్పిన నాథుడు లేడు. మా నాయిన ఆ గట్టు మీద మళ్లీ కాలు పెట్టలేదు, రెండేండ్లకు మంచం పట్టి పోయాడు. ఇదంతా చెప్పి, "నేను రాను సార్" అన్నాను. ఆయన కాగితం చుట్ట చంకలో పెట్టుకున్నారు. తర్వాత, "రాయి మీ నాయినకన్న ముందటిది, దొరకన్న ముందటిది. జర దాని మొకం జూసి పోదాం రా" అన్నారు. పోయాను.

ముందు కుచ్చుతో రాయిని కడిగారు. నానబెట్టిన మందపాటి కాగితాన్ని దాని మీద పరిచి, రెండు పై మూలలూ నన్ను పట్టుకోమన్నారు. తర్వాత గట్టి కుచ్చు తీసుకుని కొట్టడం మొదలుపెట్టారు. టప్ టప్ టప్. కాగితం మెల్లగా రాతి గాట్లలోకి దిగింది. దీపం మసిలో తుమ్మజిగురు కలిపిన సిరాను గుడ్డముద్దకు అద్ది పైపైన అద్దుతూ పోతే, రాయి ఎత్తుగా ఉన్నచోటల్లా నల్లబడింది, గాట్లు తెల్లగా మిగిలాయి. నా కండ్ల ముందర, నా రెండు చేతుల మధ్య, ఒక్కొక్క అక్షరం బయటికొచ్చింది. నాకు ఏడుపొచ్చింది. ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. కాగితం ఆరిన తర్వాత సారు దాన్ని వెనక్కి తిప్పి, మూలన పెన్సిలుతో కుడి నుంచి ఎడమకు గబగబా ఏదో రాశారు. ప్రతి కాగితం వెనకా అట్లా రాయడం ఆయన పద్ధతి. ఏం రాశారని నేను అడగలేదు. ఆ రాత చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

నాకు తెలుగు చదవడం బాగా వచ్చిన తర్వాత ఆయనే ఒకరోజు అన్నారు, "ఉర్దూ గూడ నేర్వు కొమురమ్మా." నేను ఊరుకునేదాన్నా? "మా భూమి గుంజుకున్న రాత నేను నేర్వ. గా రాత నడకనే ఎదురు నడక" అన్నాను. పంతులుతో అట్లా మాట్లాడవచ్చునా అంటే, నా నోరు అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

ఆయనకు కోపం రాలేదు. బొగ్గు తీసుకుని నేల మీద ఒక ఎద్దుతల గీశారు, రెండు కొమ్ములతో. "గిది సూడు. దూరాన, పడమటి సముద్రం ఒడ్డున, యాపారం జేసుకునేటోళ్లు ఎద్దును గిట్ల రాసిండ్రు. రాంగ రాంగ ఎద్దు పక్కకు ఒరిగింది. కొమ్ములు పాయె, ముట్టె పాయె. ఆఖరికి ఒక్క గీత మిగిలె. గదే అలిఫ్. పక్కన ఇల్లు గీసిండ్రు, అది బే. అంటే ఎద్దు, ఇల్లు. రైతు లేంది మా ఉర్దూల మొదటి అక్షరమే లేదు."

"మరి ఎదురు నడకనో?"

"కొన్ని పాత రాతలు అటు పోయి, మల్ల ఇటు తిరిగొస్తయి. ఎద్దు సాలు తిరిగినట్టు. మీ నాయిన నాగలి పట్టినప్పుడు ఏది ఎదురు, ఏది సక్కన?"

ఆయన మన క పాతకాలంలో ఎట్లా ఉండేదో గీశారు: ఒక నిలువు గీత, ఒక అడ్డగీత, అంతే. రాళ్ల మీద వందల ఏండ్లు నడిచి దాని చేతులు వంగాయి, నెత్తిన తలకట్టు వచ్చింది. తెలుగు అక్షరం, కన్నడ అక్షరం ఒక్క పొయ్యి మీద వండుకుని తిని, నడిమిట్ల వేరుపడ్డ అన్నదమ్ములని చెప్పారు. "మరి గా పాత రాత యాడికెల్లి వచ్చింది సార్?" అని అడిగాను.

"కొందరు పెద్దలు గా పడమటి అక్షరాల కెల్లే వచ్చిందంటరు. గట్లయితే నీ అ, నా అలిఫ్ ఒక్క అవ్వ మనుమరాండ్లు. ఇంకొందరు ఈడనే పుట్టిందంటరు."

"మీరేమంటరు?"

"నాకు తెల్వదు."

ఊరికంతటికీ పెద్ద పంతులు, ముప్పై ఏండ్లు రాళ్లు చదివిన మనిషి, నా ముందర ఏ సంకోచమూ లేకుండా ఆ మాట అన్నారు. "తెల్వంది తెల్వదు అంటె తెలిసినదాని మీద నమ్మకం కుదురుతది బిడ్డా" అని కూడా అన్నారు. ఆ రోజు ఆ మాట నాకు చప్పగా అనిపించింది. పంతులై ఉండి తెలియదంటాడేమిటి అనుకున్నాను.

మాట వేరు, రాత వేరు అని కూడా ఆయన దగ్గరే తెలుసుకున్నాను. ఒక ఎండాకాలం మా అవ్వా నేనూ ఘనపూర్ జాతరకు పోతే అక్కడే సారు కనబడ్డారు. కాటారం దిక్కు నుంచి ఒక కోయ అవ్వ ఇప్పపువ్వు అమ్మడానికి వచ్చింది. దాహమై చెయ్యి చాపి "ఏరు" అని అడిగింది. మా అవ్వకు అర్థం కాలేదు, ఇక్కడ ఏరెక్కడిది అన్నది. సారు తన చెంబు అందించి నాతో అన్నారు, "మనం పారే నీళ్లను ఏరంటం. వాళ్లు తాగే నీళ్లనే ఏరంటరు. మన చెయ్యి వాళ్లకు కయ్యి, అరవోళ్లకు కై. రాతనే లేకున్న ఈ అవ్వ మన చుట్టం. నేను మాట్లాడే ఉర్దూ వేరే ఇంటి బిడ్డ. దాని మాట బాపనయ్య సంస్కృతానికి చుట్టం, దాని అంగీ అరబ్బోళ్లది. రాత చూసి చుట్టరికం కట్టొద్దు, రాత చూసి పగ కూడ పట్టొద్దు." ఆ చివరి మాట నాకోసమే అన్నారని తెలిసింది. తెలిసినా మొండికేశాను.

తర్వాత ఊళ్లు లేచాయి. మా ఊళ్లోనూ సంఘం వచ్చింది. వెట్టి చెయ్యం అన్నాం, గుంజుకున్న భూములు వదలమన్నాం. ఆ రోజుల్లో అక్షరం వచ్చిన ఆడమనిషి అంటే దేవుడు దొరికినట్టే. కరపత్రాలు చదివి వినిపించడం, గోడల మీద రాయడం, చీటీలు మోయడం నా పని. నిన్నటిదాకా ఎదురొస్తే అపశకునమన్నవాళ్లే "కొమురక్కా" అని పిలవడం మొదలుపెట్టారు. నాకు నిజంగా గర్వంగా ఉండేది, దాచుకోవడమెందుకు? సంఘం పని మీద నన్ను మరిపెడ దిక్కు పంపించారు. ఏడెనిమిది నెలలు మా ఊరి మొహం చూడలేదు.

ఆ నెలల్లో జరిగింది నాకు తెలియదు. తెలిసి ఉంటే ఈ రాత రాసే పని ఉండేది కాదు. సారు ఆ రాయి చుట్టూ తిరగడం దొర ఉండే గడీలోని మనుషులు చాలా కాలంగా చూస్తున్నారు. రాతి మీద రాత అంటే మా దిక్కు జనానికి ఒక్కటే అర్థం, కింద లంకెబిందెలు ఉన్నాయని. ఈ తురక పంతులు ఆ గుర్తులు చదివి కాగితాలకెక్కించాడనుకుని, దొర మనుషులు ఆయన గది మీద పడి ముప్పై ఏండ్ల కాగితాలన్నీ మూటలు కట్టి గడీకి మోసుకుపోయారు. మా చెలక గట్టున రాయిని పలుగులతో ముక్కలు చేసి మనిషి లోతు తవ్వారు. వాళ్లకు దొరికింది మట్టే. సారు మూడుసార్లు గడీ ముందు ఎండలో నిలబడి కాగితాలు ఇప్పించమని బతిమాలారట. లోపలికి కూడా రానివ్వలేదు.

నేను దళంతోపాటు తిరిగి మా ఊరొచ్చిన రోజు దొర పట్నం పారిపోయాడు. పొద్దు ఇంకా నెత్తికెక్కలేదు. ఊరంతా గడీలో ఉంది, ఇంటి మొహమైనా చూడకుండా నేనూ అక్కడికే పోయాను. జనం కాగితాలు గంపలకెత్తి వాకిట్లో కుప్ప పోశారు. మంట రాజేశారు. దళం పెద్ద నర్సన్న మంచివాడు, ఆలోచన ఉన్న మనిషి. అతను అందరినీ ఆపి, "కొమురక్కా, సదువుకున్నదానివి నువ్వే. ఏది కాల్చాల్నో ఏది ఉంచాల్నో చూసి చెప్పు" అన్నాడు. మూటలు ఒక్కొక్కటే విప్పి చూశాను. తెలుగులో ఉన్నవి పక్కకు పెట్టాను. మావాళ్ల వేలిముద్రలున్న ఉర్దూ కాగితాలు మంటలో పడ్డాయి. జనం ఈలలు వేశారు. ఆఖరున పది పన్నెండు మూటలు వచ్చాయి, పొడుగ్గా చుట్టిన మందపాటి కాగితాలు. సిరా వైపు లోపలికి, వెనక వైపు పైకి చుట్టి ఉన్నాయి. పైకి కనబడుతున్నది ఒక్కటే, మూలన పెన్సిలుతో కుడి నుంచి ఎడమకు రాసిన రాత.

"గిందుల ఏమున్నది అక్కా?" అన్నాడు నర్సన్న.

నాకు చదవరాదు. ఆ ఒక్క మాట అంటే సరిపోయేది. చుట్టను ఒకసారి విప్పినా సరిపోయేది. కానీ అంతమంది నా మొహంలోకి చూస్తున్నారు. ఊరికి చదువుకున్నదాన్ని నేను. నాకు తెలియదని ఎట్లా అంటాను? "గవే దొంగ కాగితాలు. అన్ని కాల్చుండ్రి" అన్నాను.

మూటలు పడ్డాయి. మందపాటి కాగితం వెంటనే అంటుకోలేదు. వేడికి చుట్టలు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. నల్లటి కాగితం, తెల్లటి అక్షరాలు. నేను బూడిదలో గీసుకున్న అ నాకేసి చూసింది. అరిచానట, ఏమని అరిచానో గుర్తులేదు. మంటలో చెయ్యి పెట్టి అందిన కాగితాన్ని గుంజాను. సగం వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అని పిల్లలకు సామెత చెప్పినప్పుడల్లా నా కుడిచెయ్యి కొంగులో దాచుకునేదాన్ని.

ఆ సగం కాగితం పట్టుకుని సారు గదికి పోయాను. ఆయన గడపలో కూర్చుని ఉన్నారు. గడీ మీద పొగ అక్కడికి కనబడుతూనే ఉంది. దండెం ఖాళీగా ఉంది.

"సార్, మీ కాగితాలు నేనే కాల్చిన. కాల్చుమని నేనే చెప్పిన."

ఆయన కాగితం వైపు చూడలేదు. "చెయ్యి కాలిందా? ఇటు తే" అన్నారు. సున్నపుతేటలో నూనె గిలకొట్టి నా చేతికి రాస్తూ ఉన్నారు. నేను ఏడుస్తూ, "తప్పంత నాదే సార్" అన్నాను.

"నీదే" అన్నారు. "కాదంటె అబద్ధమైతది. కని నీ ఒక్కదానిదే గాదు. మీ నాయిన ఏలిముద్ర ఏసిన్నాడు ఎవ్వలన్న గా కాగితం చదివి చెప్పి ఉంటే, నువ్వు ఇయ్యాల గీ రాతను గింత ద్వేషిద్దువా? ఊళ్లె గా రాత వచ్చిన పంతుల్ని నేనే. గా పొద్దు నేను రాళ్ల కాడ ఉన్న."

నేను ఇప్పటిదాకా ఎవరి నోటా అట్లాంటి మాట వినలేదు. తన ముప్పై ఏండ్ల బతుకు బూడిదైన రోజున, అందులో తన తప్పెంతో ఆయన వెతుక్కుంటున్నారు. నాకు ఉర్దూ నేర్పమని ఆ గడపలోనే అడిగాను. "చెయ్యి మాననీ" అన్నారు. మానిన రోజు నుంచి మొదలుపెట్టారు. మొదటి అక్షరం రాయించే ముందు నా చేత ఎద్దుతల గీయించారు.

ఆరునెలలైనా కాలేదు, యూనియన్ మిలిటరీ వచ్చింది. నిజాం రాజ్యం పోయింది. ఆ వెంటనే గాలి మారింది. గడ్డమున్న ప్రతి మనిషీ రజాకారే అన్నట్టు చూశారు. ఊళ్లో కొందరు కర్రలు పట్టుకుని సారు గది ముందుకొచ్చారు. మా అవ్వ వాకిలికి అడ్డం కూర్చుంది. "నా బిడ్డెకు అచ్చరం బెట్టిన చెయ్యి గిది. ముందు నన్ను కొట్టుండ్రి" అన్నది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. వాళ్లు తిట్టుకుంటూ పోయారు. కానీ సారు అక్కడ ఉండడం ఇక కుదరదని అందరికీ తెలిసింది. మానుకోటలో ఆయన చెల్లెలుంది. తెల్లారి మా మేనమామ బండి కట్టాడు. బండెక్కే ముందు సారు ఆ సగం కాగితం నా చేతిలో పెట్టారు. "మీ చెలక గట్టు రాయి లేదు. దాని మొకం గిదొక్కటే మిగిలింది. నీ కాడ ఉంచు. ఎనుక నేను రాసింది నా చేతిరాత, తొందర రాత. చదవనీకి ఏడాది పడుతది నీకు. సదివినంక రా" అన్నారు.

నిజంగానే ఏడాది పట్టింది. అచ్చు అక్షరాలు తొందరగానే వచ్చాయి కానీ ఆ రాతలో చుక్కలుండవు, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. ఒక్కొక్క మాటకు నెల పట్టేది. ఈలోగా సంఘం పంచిన భూములు మళ్లీ దొరల పాలయ్యాయి. మా చెలక మాకు దక్కలేదు, ఇప్పటికీ దక్కలేదు. కాగితానికి ముందువైపు రాతి మీద రాత ఇంకా ఉంది. కుంట ఎవరు తవ్వించారో, పొలం ఎవరికిచ్చారో. ఆఖరి వరసలో 'ఇది వ్రాసినవాడు' అని ఉంది. అక్కడి నుంచి కాలిపోయింది. ఏడు వందల ఏండ్లు ఎండకూ వానకూ నిలిచిన ఆ మనిషి పేరు నా ఒక్క మాటతో పోయింది.

వెనకవైపు రాత పూర్తిగా చదవగలిగిన రోజు మధ్యాహ్నం నేను పొయ్యి ముందర కూర్చున్నాను. మూడే వాక్యాలు. చదివి, మళ్లీ చదివి, కాగితం గుండెకు అదుముకుని అట్లాగే ఉండిపోయాను. మరునాడే మానుకోట పోయాను.

సారు మంచంలో ఉన్నారు. చూపు బాగా తగ్గింది. నా గొంతు గుర్తుపట్టి లేచి కూర్చున్నారు. "చదివినవా?" అన్నారు. కాగితం తీసి, ఆయన రాసింది ఆయనకే చదివి వినిపించాను.

"ఎల్లయ్య చెలక గట్టున. కాగితం పట్టింది అతని బిడ్డ కొమురమ్మ. దాని చెయ్యి వణకలేదు."

మా నాయిన చెలక అని రాసిన కాగితం ఈ లోకంలో అదొక్కటే. అది ఉర్దూలో ఉంది. దొర కాగితంలో, పట్వారీ కాగితంలో ఎక్కడా లేని మాట ఆయన రాతి అచ్చు తీసిన కాగితం వెనక రాసి పెట్టారు. దాన్ని కాల్చమని చెప్పింది నేను. నా పేరు నేను చదవలేకపోయాను. నేను ఏడుస్తుంటే సారు చేత్తో తడిమి నా కాలిన చెయ్యి పట్టుకున్నారు.

"గప్పుడు అది దొర పట్టాల ఉండె గద సార్. మా నాయినదని ఎందుకు రాసిండ్రు?"

"నువ్వు చెప్పినవ్, నేను రాసిన. కాగితం పట్టినోళ్ల పేరు రాయకుంటే రాయి చదివి ఏం ఫాయిదా?" అన్నారు. కొంతసేపటికి, "మొదటి సగం బాగ చదివినవ్. 'కాగజ్' అన్నప్పుడు గ గొంతుల కెల్లి రావాలె" అని దిద్దారు. అదే ఆయన నాకు చెప్పిన చివరి పాఠం. ఆ చలికాలం దాటలేదు ఆయన.

సారు పుస్తకం రాలేదు. ఆయన తిరిగిన రాళ్లలో కొన్నింటికి తర్వాత నేనూ సెలవుల్లో పోయి కాగితాలు తీశాను. ఎన్నో దొరకలేదు. తీసిన ప్రతిదాని వెనకా ఆ రోజు మూలలు ఎవరు పట్టారో, ఆ నేల ఎవరిదో తెలుగులోనూ ఉర్దూలోనూ రాశాను. తెలియనిచోట 'తెల్వదు' అని రాశాను. ఆ సగం కాగితం నా పెట్టెలో బట్టల కింద ఉంది.

నిన్న పోస్టరు అంటించడం అయ్యాక ఆ మనిషి మంచినీళ్లు అడిగాడు. చెంబు ఇచ్చి పేరు అడిగాను. ఎందుకమ్మా అని బెదిరాడు. ఊరికే అన్నాను. చిరిగిపోయిన పోస్టరొకటి మా గడప దగ్గర వదిలి పోయాడు. కోడలు పొయ్యి రాజేయడానికి అందుకోబోయింది. "ఆగు" అన్నాను. తీసి వెనక్కి తిప్పి చూశాను. తెల్లగా ఉంది, ఏమీ లేదు. అప్పుడు ఇచ్చాను.